నల్లగొండ మోకాళ్ళు, ఉద్దానం కిడ్నీలు: మంచి పరిశోధన ప్రశ్నను గుర్తుపట్టడం ఎలా?

1970ల మొదట్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులకు నల్లగొండ జిల్లా పల్లెల్లో ఒక వింత కనిపించింది. ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పోతున్నాయి. వైద్యభాషలో దీని పేరు జెను వాల్గమ్. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ సంగతిని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

ఆ ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అప్పటికే తెలిసిన విషయం. అసలు మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి, మొదట రాసిందే తెలుగు నేల మీద. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును పరిశీలించి నివేదిక ప్రచురించారు. పళ్ళ మీద గోధుమరంగు గార, వయసు ముదిరేకొద్దీ కొయ్యబారే వెన్ను, వంగని మెడ: ఇదీ వైద్యులు ఎరిగిన ఫ్లోరోసిస్. ఎక్స్‌రే తీస్తే ఎముక మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపించాలి. నల్లగొండ పిల్లల్లో వెన్నెముక అలాగే ఉంది కానీ కాళ్ళ ఎముకలు బోలుబారుతున్నాయి. ఫ్లోరోసిస్ ఉన్న ప్రతిచోటా ఇలా లేదు కూడా. పంజాబ్‌లో గోధుమలు తినే పల్లెల నుంచి వచ్చిన నివేదికల్లో ప్రధానంగా కనిపించేది బిగిసిన వెన్నే.

ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే ఇక్కడే, ఇప్పుడే, ఈ పిల్లలకే ఎందుకు? ఈ ప్రశ్న వేసుకున్నాక ఆ సంస్థలో పని డాక్టర్ల చేతి నుంచి మెల్లగా జారి ఇతరుల చేతుల్లోకి వెళ్ళింది. ఈ పల్లెల్లో ప్రధానాహారం జొన్న. అక్కడ పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉందని ఆహార రసాయన శాస్త్రం చెప్పింది. మాలిబ్డినం ఎక్కువున్న గడ్డి మేసిన పశువులకు ఒంట్లో రాగి తగ్గి ఎముకలు బలహీనపడతాయన్నది పశువైద్యులకు పాత సంగతే. మనుషులకు మాలిబ్డినం వేరువేరు మోతాదుల్లో ఉన్న జొన్నలు పెట్టి చూస్తే, అది పెరిగేకొద్దీ మూత్రంలో పోయే రాగి కూడా పెరిగింది. సరే, జొన్నలోకి మాలిబ్డినం ఎక్కణ్ణుంచి వచ్చింది? నేల క్షారగుణం పెరిగితే మొక్క మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఇది వ్యవసాయ శాస్త్రం. మరి నేల ఎందుకు క్షారమైంది? 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలాక చుట్టుపక్కల ఊటనీరు పైకి వచ్చింది, దాంతో నేల రసాయనం మారింది అన్నది వాళ్ళు ముందుకు తెచ్చిన వివరణ.

ఆనకట్ట నుంచి పిల్లవాడి మోకాలి దాకా ఒక గొలుసు. ఒక్కో లంకె ఒక్కో శాస్త్రానిది. ప్రతి లంకెనూ విడిగా కొలిచి, తప్పని తేల్చే వీలుంది. ఇందులో ఏ ఒక్కటి తెగినా మొత్తం కథ కూలిపోతుంది. నా లెక్కలో ఇంటర్‌డిసిప్లినరీ ప్రశ్న, అంటే పలు శాస్త్రాలు కలిసి తేల్చాల్సిన ప్రశ్న, అంటే ఇదీ. ఒక శాస్త్రం ఇచ్చే జవాబు మరో శాస్త్రానికి ముడిసరుకు కావాలి. ఆ జవాబు తప్పైతే పక్క శాస్త్రం నష్టపోవాలి. నష్టపోయే ప్రమాదం లేని చోట రెండు శాస్త్రాలూ పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నట్టే తప్ప కలిసి పనిచేస్తున్నట్టు కాదు.

ఈ గొలుసు అంతా అలాగే నిలబడిందా అంటే, లేదు. తర్వాతి కాలంలో మేరఠ్ వైద్యుల పరిశోధనల వంటివి కాల్షియం లోపానికి పెద్దపీట వేశాయి: ఫ్లోరైడ్ అంతే ఉన్నా, తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఎముకల వంకర ఎక్కువ. పాలు దొరకని ఇంట్లో పిల్లవాడికీ, దొరికిన ఇంట్లో పిల్లవాడికీ ఒకే బావి నీరు ఒకే ఫలితం ఇవ్వదన్నమాట. అంటే చర్చ మళ్ళీ తిండి దగ్గరికే వచ్చింది, లంకె మారింది. ప్రశ్న మంచిదా కాదా అన్నది జవాబు నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చకూడదు. ఎక్కడ తెగిందో చూపించగలిగేలా ప్రశ్నను కట్టారా లేదా అన్నదే చూడాలి.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) చూడండి. 2020 జాతీయ విద్యావిధానం వచ్చినప్పటి నుంచి ‘మల్టీడిసిప్లినరీ’ అన్న మాట లేని ప్రపోజల్ అరుదు. శీర్షికలు దాదాపు ఇలా ఉంటాయి: ‘ఫ్లోరోసిస్: వైద్య, సామాజిక, ఆర్థిక, పర్యావరణ కోణాల సమగ్ర అధ్యయనం’. లోపల నాలుగు అధ్యాయాలు. మొదటిది చదివినవాడికి మూడోది చదవకపోయినా లోటు ఉండదు. నాలుగు కూరలు ఒకే విస్తట్లో వడ్డించినంత మాత్రాన అది పులుసు కాదు. ఇది చెడ్డ పని అనను, ఒక్కోసారి సమాచారం ఒకచోట చేరడమే మేలు. కానీ అది విషయం, ప్రశ్న కాదు. విషయానికి కోణాలుంటాయి. ప్రశ్నకు ఒక తెగని ముడి ఉంటుంది.

తేడా పట్టుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. ప్రపోజల్‌లోంచి ఒక శాస్త్రాన్ని తీసేయండి. మిగిలిన వాటితో జవాబు దాదాపు అంతే వస్తే, తీసేసింది అలంకారం. నల్లగొండ గొలుసులోంచి నేల శాస్త్రాన్ని తీస్తే జొన్నలో మాలిబ్డినం ఎందుకు పెరిగిందో చెప్పలేం, ఆనకట్టకూ మోకాలికీ సంబంధమే పోతుంది. పైన చెప్పిన ‘సమగ్ర అధ్యయనం’లోంచి ఆర్థిక కోణం తీస్తే పేజీలు తగ్గుతాయి, అంతే.

ఈ పరీక్షను తిప్పి కూడా వేయాలి. ఒక శాస్త్రం ఉండి తీరాలి కానీ దానికి తనదంటూ ప్రశ్న ఏదీ లేదు, అలాంటప్పుడు అది కూలిపని చేస్తోందన్నమాట. మన దగ్గర ఎక్కువగా ఈ వెట్టి పడేది స్టాటిస్టిక్స్ వాళ్ళ మీద, ఆ తర్వాత సామాజిక శాస్త్రాల వాళ్ళ మీద. డాక్టర్లో ఇంజనీర్లో ప్రశ్న తయారు చేసుకుంటారు, డేటా అంతా సేకరించాక ‘కాస్త అనాలిసిస్ చేసిపెట్టండి’ అనో, ‘ఊళ్ళో సర్వే చేయించి పెట్టండి’ అనో ఫోన్ చేస్తారు. సర్వేలో ఏ ఇంటికి వెళ్ళాలి, ఆ ఇంట్లో ఎవరిని అడగాలి అన్నదే ఫలితాన్ని తేలుస్తుందని అప్పటికి చెప్పినా వినే ఓపిక ఎవరికీ ఉండదు. పగటిపూట ఇంటికి వెళితే దొరికేది ముసలివాళ్ళు, పనికి పోలేని జబ్బుమనుషులు. ఆ లెక్క వేసి ఊరంతా రోగమే అని రాస్తే ఆ తప్పు స్టాటిస్టిక్స్‌ది కాదు, ఆలస్యంగా పిలిచినవాళ్ళది.

మంచి ప్రశ్నలు ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, రెండు శాస్త్రాలు తమ తమ లెక్కలో సరిగ్గానే చెబుతూ ఒకదాన్నొకటి కాదంటున్న చోట. దీనికీ ఉదాహరణ జొన్నే. పెల్లాగ్రా అనే జబ్బు నియాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వస్తుంది, మొక్కజొన్న మీదే బతికే పేదలకు వస్తుంది అని ప్రపంచమంతా ఒప్పుకున్న రోజుల్లో, దక్కన్ పీఠభూమి మీద జొన్న తినే పేదలకు కూడా అదే జబ్బు కనిపించింది. ఒంటి మీద ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొట్టు రాలడం, మతి చెదరడం, అన్నీ అవే లక్షణాలు. రసాయన శాస్త్రజ్ఞుణ్ణి అడిగితే జొన్నలో నియాసిన్ బియ్యం కంటే తక్కువేం కాదన్నాడు. డాక్టర్ని అడిగితే నా వార్డులో ఉన్నది పెల్లాగ్రాయే అన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 1960లో పోషకాహార శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంటియా ఈ ఇరుకులోంచే లూసిన్ ప్రతిపాదన చేశారు: జొన్నలో లోపించింది ఏదో కాదు, లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువై శరీరం నియాసిన్‌ను వాడుకునే తీరును చెడగొడుతోంది అని. తర్వాత దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. అయినా ‘ఏం తక్కువైంది?’ అని వెతుకుతున్న పోషకాహార శాస్త్రాన్ని ‘ఏం ఎక్కువైంది?’ వైపు తిప్పింది ఆ వైరుధ్యమే. లూసిన్ తక్కువుండే జొన్న రకాల కోసం విత్తనాల వాళ్ళ దగ్గరికి కూడా ఈ ప్రశ్న వెళ్ళింది.

అన్నిటికీ ఇన్ని శాస్త్రాలు కావాలనుకోవడం మరో తప్పు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడం ఎలా? ఇది రసాయన శాస్త్రం ఒంటిచేత్తో చేయగల పని, చేసింది కూడా. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం కలిపి, బాగా కలియబెట్టి, తేరుకున్నాక పై నీటిని వాడుకునే పద్ధతిని 1970ల్లో తయారు చేసింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పెట్టారు, అది టాంజానియా దాకా వెళ్ళింది. ఇక్కడ ఆంత్రోపాలజిస్టును (మానవ శాస్త్రజ్ఞుణ్ణి) కూర్చోబెట్టాల్సిన అవసరం ఏమీ లేదు.

కానీ ఆ పద్ధతి ఊళ్ళోకి వచ్చాక ఇంకో ప్రశ్న పుట్టింది. పటిక ఎంత వేయాలన్నది నీళ్ళలోని ఫ్లోరైడ్, క్షారగుణం రెండింటి మీదా ఆధారపడుతుంది. బావి మారితే మోతాదు మారాలి. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు, లెక్క తప్పితే నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది, నీళ్ళ రుచి మారుతుంది. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఇదంతా రోజూ చేయాల్సింది ఎవరు? నీళ్ళు మోసే ఆడమనిషి. తెల్లవారి కూలికి పోవాల్సిన మనిషి రోజుకు ఎంతసేపు ఈ పని మీద నిలబడగలదో తెలిస్తే, ఎన్ని పొరపాట్లు తట్టుకునే మోతాదు తయారు చేయాలో రసాయన శాస్త్రజ్ఞుడికి తెలుస్తుంది. ఇక్కడ ఆమె దినచర్య ‘సామాజిక కోణం’ కాదు, సమీకరణంలో ఒక అంకె. ఇప్పుడు ఇది రెండు శాస్త్రాల ప్రశ్న అయింది.

ప్రశ్న ఎవరిదన్నది కూడా చూడాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ళ గోడు దేశానికి వినిపించాలని చేసిన నిరసన అది. బ్యాలెట్ పేపరు పుస్తకమంతైంది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్ ₹500 నుంచి ₹10,000కి పెరిగింది. అలా నామినేషన్ వేసినవాళ్ళు ఫ్లోరైడ్ ఎముకలో ఏ విధంగా పేరుకుంటుందని అడగలేదు, తాగడానికి మంచినీళ్ళు అడిగారు. చివరికి ఆ జిల్లాకు మేలు చేసింది కూడా పటిక డబ్బాల కంటే కృష్ణా నీళ్ళూ, ఆ తర్వాత మిషన్ భగీరథ గొట్టాలూనే. అలాగని శాస్త్రజ్ఞుల ప్రశ్నలు దండగ అనలేం. జనం అడిగే ప్రశ్నకూ ప్రయోగశాల ప్రశ్నకూ మధ్య దూరం ఎంతో పరిశోధకుడికి తెలిసుండాలి, జవాబు దొరికిన రోజున ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారో చెప్పగలగాలి. ఎవరూ ఏమీ మార్చుకోరనుకుంటే అది శుద్ధ శాస్త్రం. దానికీ విలువ ఉంది. అలాంటప్పుడు ప్రపోజల్‌లో ‘గ్రామీణ ప్రజల సంక్షేమం’ అని రాయకపోతే సరిపోతుంది.

ఇవన్నీ పాత కథలు, జవాబులు కొంతవరకు తెలిసినవి. కొలతబద్ద పనికొస్తుందో లేదో తెలియాలంటే ఇంకా తేలని చోట పెట్టి చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అలాంటిది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్ళలో షుగర్, బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. జరిగిన పెద్ద సర్వేల్లో దాదాపు ఐదో వంతు పెద్దవాళ్ళలో కిడ్నీ పనితీరు దెబ్బతిన్నట్టు తేలింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరుకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అనుమానితుల జాబితా పెద్దది: నీళ్ళలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వేడిలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, జన్యువులు.

‘ఉద్దానంలో కిడ్నీ వ్యాధికి కారణాలేమిటి?’ అని ప్రశ్న రాస్తే అది గోడు అవుతుంది కానీ పరిశోధన ప్రశ్న కాదు. ఏ జవాబు వచ్చినా ‘బహుళ కారణాలు’ అని ముగించే వీలు అందులోనే ఉంది. ‘బహుళ కారణాలు’ అన్నది చాలాసార్లు నిజమే, అయినా అది దేన్నీ కొట్టిపారేయదు. ఎవరినీ తప్పు పట్టని జవాబు కాబట్టి కమిటీలకు ఇష్టం.

కాస్త మెరుగైనదిగా కనిపించేది: ‘ఊళ్ళ వారీగా బోరునీటి రసాయనానికీ కిడ్నీ రోగుల సంఖ్యకూ సంబంధం ఉందా?’ భూగర్భ శాస్త్రం ఉంది, వైద్యం ఉంది, ఒకటి లేకుండా మరొకటి సాగదు. తీసేసే పరీక్షలో ఇది పాసవుతుంది. కానీ రెండు శాస్త్రాల కొలతలు కలవవు. భూగర్భ శాస్త్రజ్ఞుడికి ఊరు ఒక చుక్క, కిడ్నీ వైద్యుడికి మనిషి ఒక చుక్క. ఒకే ఊళ్ళో ఒకరు బోరు నీళ్ళు తాగితే ఇంకొకరు నేలబావి నీళ్ళు తాగారు, తోటలో పని చేసేటప్పుడు మూడో చోటివి. కాలం సంగతి ఇంకా కష్టం. ఈ రోజు సీసాలో పట్టిన నీళ్ళు ఈ రోజువి. ఈ రోజు డయాలసిస్ మీద ఉన్న మనిషి కిడ్నీ దెబ్బతినడం ఏళ్ళ కిందట మొదలైంది. అప్పటి నీళ్ళు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. రెండు మ్యాపులు ఒకదాని మీద ఒకటి పెట్టి రంగులు కలిశాయని చూపించడం ఎంత ఆకర్షణగా ఉంటుందో అంత ప్రమాదం.

నిర్వచనాల దగ్గర కూడా ఇలాంటి గొడవే ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అనాలంటే మూడు నెలలకు పైగా పనితీరు తగ్గి ఉండాలి. సర్వే బృందం ఊరికి ఒక్కసారి వస్తుంది, రక్తంలో కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను ఒక్కసారి చూస్తుంది. ఆ మధ్యాహ్నం ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి తాత్కాలికంగా పెరిగిన అంకె కూడా లెక్కలో పడిపోతుంది. వేడి వల్ల వస్తోందా అని అడిగే అధ్యయనంలోనే వేడి కొలతను చెడగొడుతుంటే ఇక చెప్పేదేముంది! రెండు రంగాల వాళ్ళూ ‘కేసు’ అంటే ఏమిటో మొదటి రోజే ఒప్పందానికి రాకపోతే మూడేళ్ళ తర్వాత ఒకరి పేపరును మరొకరు ఒప్పుకోరు.

వేడి అనుమానాన్నే తీసుకుందాం. థర్మామీటరు లెక్కలో ఉద్దానం కంటే రెంటచింతల, రామగుండం చాలా వేడి. మరి కిడ్నీల పేరు అక్కడ వినిపించదేం? ఇది మంచి అడ్డుప్రశ్న. ఎక్కడ లేదో అడగని పరిశోధన, ఎక్కడ ఉందో కూడా సరిగ్గా చెప్పలేదు. దీనికి వాతావరణ శాస్త్రం దగ్గర ఒక సమాధానం ఉంది: తీరప్రాంతంలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంటికి తగిలే వేడి థర్మామీటరులో కనిపించదు. అయితే తీరం మొత్తం తేమే కదా, మచిలీపట్నం మాటేమిటి? ఇక్కడ పని తీరు వస్తుంది. రోజుకూలీకి పనిచేసేవాడు అలసిపోతే చెట్టు కింద కూర్చుంటాడు. పని లెక్కన డబ్బు తీసుకునేవాడు కూర్చోడు. మధ్య అమెరికా చెరుకు తోటల్లో నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చే కార్యక్రమాలు పెట్టింది ఇందుకే. అలా ‘కూలి కట్టే పద్ధతిని బట్టి, తేమతో కూడిన వేడిలో పనిచేసినవాళ్ళ క్రియాటినిన్ పొద్దుటికీ సాయంత్రానికీ ఎంత మారుతోంది?’ అన్న ప్రశ్న తయారవుతుంది. చిన్నది, ఒక సీజన్‌లో తేలేది. కార్మిక ఆర్థిక శాస్త్రం, వాతావరణం, వైద్యం మూడూ ఇందులో ముడిపడి ఉన్నాయి. రెండు కూలి పద్ధతుల మధ్య తేడా లేదని తేలితే ఆర్థిక శాస్త్రజ్ఞుడి ఊహ పోతుంది, అదీ లాభమే.

ఇంకో అవకాశాన్ని ప్రభుత్వమే కల్పించింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. నీళ్ళు మారాయి, పని మారలేదు. నీళ్ళే కారణమైతే తేడా రావాలి, వేడి కారణమైతే రాకూడదు. ఒకే సంఘటన రెండు అనుమానాల్ని వేరు చేస్తోంది. చిక్కల్లా కిడ్నీ నిదానమైన అవయవం, క్రియాటినిన్‌లో తేడా కనిపించేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. కాబట్టి కిడ్నీ నాళికలు దెబ్బతింటున్న తొలి దశలోనే మూత్రంలో కనిపించే గుర్తుల్ని పట్టుకోవాలి, అదీ పిల్లల్లో, కొత్త నీళ్ళు చేరిన ఊళ్ళలోనూ చేరడం ఆలస్యమైన ఊళ్ళలోనూ. గొట్టం ఏ ఊరికి ఏ నెలలో చేరిందో రాసిపెట్టుకున్న ఇంజనీరు రిజిస్టరు ఇక్కడ ప్రయోగశాల రిపోర్టుతో సమానం.

నాకు అన్నిటికంటే నచ్చే ప్రశ్న మాత్రం వలసలది. ఉద్దానం నుంచి బతుకుదెరువు కోసం బయటికి పోయినవాళ్ళు చాలామంది. అక్కడే పుట్టి, చిన్నప్పుడే వెళ్ళిపోయినవాళ్ళ కిడ్నీలు, ఉండిపోయిన వాళ్ళ అన్నదమ్ముల కిడ్నీలు పోల్చితే? అన్నదమ్ములు కాబట్టి జన్యువుల తేడా తక్కువ. మారింది నీరు, పని, గాలి. వెళ్ళినవాళ్ళకూ జబ్బు వస్తే పుట్టుకనో బాల్యాన్నో అనుమానించాలి, రాకపోతే పెద్దయ్యాక అక్కడ బతికిన బతుకును. వలస లెక్కలు తెలిసినవాడు లేకుండా ఈ మనుషులు దొరకరు, వైద్యుడు లేకుండా ఫలితం తేలదు, నీటి రసాయనం తెలియకుండా ఎవరు ఎన్నేళ్ళు ఏం తాగారో లెక్క కట్టలేం.

అయితే ఈ ప్రశ్నలో ఒక గొయ్యి ఉంది, దాన్ని చూపించేది వైద్యుడు కాదు, వలసల మీద పనిచేసినవాడు. పరాయి ఊళ్ళో జబ్బు చేసిన మనిషి ఇంటికి తిరిగి వచ్చేస్తాడు. కాబట్టి ఇవాళ హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో వెతికితే దొరికేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, ఊళ్ళో దొరికే రోగుల్లో కొందరు నిన్నటి వలసవాళ్ళు. అలా చూస్తే ఊరు ఉన్నదానికంటే రోగిష్టిగా, వలస ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకని లెక్క ఇప్పుడున్న చిరునామాతో మొదలుపెట్టకూడదు. ఊళ్ళో బడి అడ్మిషన్ రిజిస్టరు తీసి, ఫలానా ఏట చేరిన పిల్లలందరి పేర్లూ రాసుకుని, ఒక్కొక్కరూ ఇప్పుడెక్కడున్నారో, తిరిగొచ్చినవాళ్ళు ఎప్పుడు ఎందుకొచ్చారో, చనిపోయినవాళ్ళు దేంతో పోయారో ఇంటింటికీ తిరిగి కనుక్కోవాలి. రక్తపరీక్ష ఆ తర్వాత.